సైకిలుకు ఒక కొట్టం

రాజంపేట చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఇళ్ల ముందు సైకిళ్లు, మోపెడ్లు కనిపిస్తాయి. బడికి పోయే పిల్లల సైకిలు ఒకటి. తోటకు పోయే ఇంటాయన మోపెడ్ ఒకటి. సంతకు కూరగాయలు తీసుకుపోయే ఆమెకు ఇంకొకటి. పగలంతా అవి తిరుగుతూనే ఉంటాయి. రాత్రి పూట ఎక్కడ ఉంటాయి? గోడకు ఆనుకుని ఉంటాయి. లేదంటే వేప చెట్టు కింద ఉంటాయి. ఎండకు ఎండుతాయి. వానకు తడుస్తాయి.

ఇంట్లో బియ్యానికి చోటు ఉంది. గొడ్డుకు కొట్టం ఉంది. కోళ్లకు గంప ఉంది. వేల రూపాయలు పోసి కొన్న బండికి మాత్రం చోటు లేదు.

ఎండ మనిషినే కాదు, రబ్బరును కూడా కాలుస్తుంది. కడప వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో రోజూ నిలబడిన సైకిలు టైరు పక్కలు పగుళ్లు బారతాయి. సీటు గట్టిపడి చీలుతుంది. వానకు తడిసిన గొలుసు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన గొలుసు తొక్కడం కష్టం. ఒకరోజు దారి మధ్యలో తెగుతుంది. పెడలు తిరగదు, బ్రేకు పట్టదు. నీడన ఉంచి, నూనె వేసుకుంటే చాలా ఏళ్లు వచ్చే సైకిలు, బయట పడేస్తే తొందరగా మూలకు చేరుతుంది.

సైకిలు మూలపడితే నష్టం ఇనుముకు కాదు. బడి నాలుగు కిలోమీటర్ల దూరం ఉంటే, పాప నడిచి పోవాలి, నడిచి రావాలి. కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత ఇంట్లోవాళ్లు "చీకటి పడుతోంది, ఇంక చాల్లే" అంటారు. ఆడపిల్లల చదువు ఇట్లా ఆగిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దూరానికి భయపడి బడి మానకూడదనే 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "బడికొస్తా" అనే పేరుతో ప్రభుత్వ బళ్లలో చదివే ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది.

ఆడవాళ్లకు సైకిలు ఎంత పనికొస్తుందో పక్క రాష్ట్రం తమిళనాడులో ఒక జిల్లా చూపించింది. ఆ జిల్లా పేరు పుదుక్కోట్టై. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. అప్పుడు జిల్లా కలెక్టరు ఒక మహిళ. ఆమె పేరు షీలా రాణి చుంకత్. అక్షరాలు నేర్చుకోవడంతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్చుకోవాలని అక్కడ అనుకున్నారు. కూలి పనికి పోయేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, ముసలమ్మలు, వయసు పిల్లలు అందరూ నేర్చుకున్నారు. మొదట్లో ఊళ్లో మగవాళ్లు నవ్వారు, ఎగతాళి చేశారు. వీళ్లు ఆగలేదు. లక్ష మందికి పైగా ఆడవాళ్లు సైకిలు నేర్చారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. మగవాళ్ల సైకిలుకు ముందు కడ్డీ ఉంటుంది కదా, దాని మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే ఇష్టపడ్డారు! నీళ్లు తేవడానికి, సరుకు అమ్మడానికి, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఇంకొకరి కోసం ఎదురు చూడాల్సిన పని తప్పింది.

అటువంటి సైకిలును కాపాడుకోవడానికి ఒక చిన్న కొట్టం కట్టుకోవచ్చు. దానికి ఇంజనీరు అక్కర్లేదు. టేపు చదవడం, కూడికలు, గుణకారాలు వస్తే సగం పని వచ్చినట్టే.

ఎంత చోటు కావాలి?

రాజంపేట పక్క పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో రెండు సైకిళ్లు, ఒక మోపెడ్ ఉన్నాయి. కోడలు కొట్టం కడదామంది. అత్త ఒప్పుకోలేదు.

"ఏందమ్మే, మనుషులకే సరైన ఇల్లు లేదంటే సైకిలుకు ఇల్లు కావాల్సొచ్చిందా?"

"సైకిలు పాడైతే పాప బడి ఆగిపోతాది అత్తా. కొత్తది కొనాలంటే మళ్లీ అప్పే కదా. కొట్టం ఒకసారి కట్టుకుంటే పదేండ్లు ఉంటాది."

"సరే, ఎంత పెద్దది కడతావు?"

అత్త అడిగిన ఈ ప్రశ్నకు జవాబు టేపు చెప్పాలి. సైకిలు పొడవు సుమారు 6 అడుగులు. మోపెడ్ కూడా అంతే. హ్యాండిలు వెడల్పు రెండు అడుగులు, రెండుంపావు అడుగులు ఉంటుంది. పక్కన మనిషి నిలబడి బండి తీయాలంటే కొంచెం సందు ఉండాలి. అంటే ఒక్కో బండికి రెండున్నర అడుగులు, కాస్త ఎక్కువ. మూడు బండ్లకు ఏడున్నర. అందుకని కొట్టం వెడల్పు 8 అడుగులు పెట్టుకోవాలి. లోతు 7 అడుగులు చాలు. బండి 6 అడుగులు పోగా వెనక ఒక అడుగు మిగులుతుంది.

ఎత్తు ముందు పక్క 7 అడుగులు, వెనక పక్క 6 అడుగులు. ఈ ఒక అడుగు తేడా వాన నీళ్లు జారడానికి. నీళ్లు వెనక పడతాయి. కాబట్టి వెనక పక్కింటి గోడ ఉండకూడదు. మన చూరు నీళ్లు పక్కింటి గోడ మీద పడితే కొట్టం పూర్తి కాకముందే కొట్లాట మొదలవుతుంది. చోటు మన సొంతం అయి ఉండాలి. వీధిలోకి, కాలవ మీదికి జరగకూడదు. అనుమానం ఉంటే ముందే పంచాయతీ కార్యదర్శిని అడగడం మంచిది. తలపైన కరెంటు తీగలు ఉన్నచోట అసలు కట్టకూడదు. పొడవాటి రేకు ఎత్తేటప్పుడు తీగకు తగిలితే ప్రాణం పోతుంది.

కొట్టం నోరు ఏ దిక్కుకు ఉండాలి? చోటు ఉంటే ఉత్తరం పక్కకు పెట్టుకోవాలి. ఉత్తరం నుంచి ఎండ తక్కువ. పడమటి ఎండ అన్నిటికంటే చెడ్డది. మధ్యాహ్నం రెండు దాటినాక అది లోపలికంటా వస్తుంది. ఆ పక్క మూసెయ్యాలి. చోటు లేనివాళ్లు ఇంటి గోడకే ఆనించి చాపడ దించుకుంటారు. అదీ మంచిదే, ఒక గోడ ఖర్చు తప్పుతుంది.

మూల సరిగా రావాలంటే

నేల మీద గీత గీసేటప్పుడే మూలలు సరిగా ఉండాలి. మూల వంకర పోతే పైన రేకులు కూడా వంకర పోతాయి. బేల్దారి దగ్గర మూలమట్టం ఉంటుంది. అది లేకపోయినా ఒక తాడు చాలు.

ఒక మూలలో మేకు కొట్టాలి. అక్కడినుంచి ఒక పక్కకు 3 అడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. రెండో పక్కకు 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. ఇప్పుడు ఆ రెండు గుర్తుల మధ్య కొలవాలి. సరిగా 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. తక్కువ వస్తే మూల లోపలికి మూసుకుంది. ఎక్కువ వస్తే బయటికి తెరుచుకుంది. 3, 4, 5. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఇంకా బాగా రావాలంటే రెండింతలు చెయ్యాలి. 6, 8, 10.

నాలుగు మూలలూ అయినాక ఇంకొక పరీక్ష ఉంది. ఈ మూల నుంచి ఎదురు మూలకు కొలవాలి. తర్వాత మిగతా రెండు మూలల మధ్య కొలవాలి. రెండూ ఒకటే రావాలి. 8 అడుగులు, 7 అడుగుల కొట్టానికి అది 10 అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తుంది.

టేపుకు ఒక అంచున అంగుళాలు, ఇంకొక అంచున సెంటీమీటర్లు ఉంటాయి. ఒక అడుగుకు 12 అంగుళాలు. సెంటీమీటర్లలో అయితే సుమారు 30. మొదలుపెట్టిన అంచునే చివరిదాకా చూడాలి. ఒకసారి ఈ అంచు, ఒకసారి ఆ అంచు చూస్తే లెక్క తప్పుతుంది. జానలతో, మూరలతో కొలవడం మనకు అలవాటు. కానీ అంగటాయన మూర, మన మూర ఒకటి కాదు కదా!

గుంజలు

ఈ కొట్టానికి అయిదు గుంజలు కావాలి. నాలుగు మూలలకు నాలుగు, వెనక మధ్యలో ఒకటి. ముందు పక్క మధ్యలో వద్దు, బండి తీయడానికి అడ్డం వస్తుంది.

కడప, కర్నూలు వైపు రాయికి కొదవ లేదు. తోటల కంచెలకు వాడే రాతి కూసాలు గుంజలకు బాగుంటాయి. చెద పట్టదు, తుప్పు పట్టదు. ముందు గుంజలు 9 అడుగుల పొడవు ఉండాలి. 7 అడుగులు పైకి, 2 అడుగులు నేలలోకి. వెనక గుంజలు 8 అడుగులు. ఇనుప పైపును గుంజలుగా నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. కట్టె అయితే సరుగుడు, జామాయిల్ వంటివి అంగట్లో కొనుక్కోవచ్చు. కట్టె గుంజ నేలలో దిగే భాగానికి తారు పూయాలి. లేకపోతే రెండేళ్లకే చెదలు తినేస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రాజంపేట, కోడూరు పక్క కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు దాని పుట్టిల్లు. ఆ చెట్టును నరకడం, ఆ కట్టెను దాచడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. "గట్టి కట్టె, తక్కువ ధర, రాత్రికి తెచ్చిస్తా" అని ఎవరైనా అంటే వద్దని చెప్పాలి. సైకిలు కొట్టం కోసం కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు? ఏ కట్టె కొన్నా బిల్లు తీసుకోవాలి.

ఒక్కో గుంజకు అడుగు వెడల్పు, అడుగు పొడవు, రెండు అడుగుల లోతు గుంత తవ్వాలి. ఇది ఎర్ర నేలకు, గరుసు నేలకు సరిపోతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేల ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. గుంజలను కదిలిస్తుంది. అక్కడ మూడు అడుగులు తవ్వాలి. గుంజ పొడవు కూడా ఒక అడుగు పెంచుకోవాలి.

గుంత అడుగున గుప్పెడు కంకర వేసి గుంజ నిలపాలి. దారానికి గుండు కట్టి వేలాడదీసి గుంజ నిట్టనిలువుగా ఉందో లేదో చూడాలి. ఒక పక్క నుంచి చూస్తే చాలదు. రెండు పక్కల నుంచి చూడాలి. ఆ తర్వాత కాంక్రీటు పొయ్యాలి. సిమెంటు ఒక గంప అయితే ఇసుక రెండు గంపలు, కంకర నాలుగు గంపలు. అయిదు గుంతలకు రెండు బస్తాల సిమెంటు సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. నీళ్లు ఎక్కువ పోస్తే కలపడం సులభంగా ఉంటుంది గానీ బలం తగ్గుతుంది. గట్టి సంగటి మాదిరి ఉండాలి, జావ మాదిరి కాదు.

పోసిన మరుసటి రోజు నుంచి వారం రోజులు పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లాలి. తడి గోనె కప్పితే ఇంకా మంచిది. ఈ వారం లోపల రేకులు ఎక్కించకూడదు. ఇంటాయన తొందర పడతాడు. పడనీ.

అసలు శత్రువు గాలి

అందరూ వానకు భయపడి పైకప్పు వేస్తారు. భయపడాల్సింది గాలికి. ఎండాకాలంలో సాయంత్రం పూట వచ్చే గాలివాన ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. గెలలు వేసిన అరటి తోట పావుగంటలో పడుకుంటుంది. మామిడి కాయ రాలిపోతుంది. అదే గాలికి రేకులు లేచి ఎక్కడో పడతాయి. ఎగిరిన రేకు కత్తి లాంటిది. మనిషికి తగిలితే నరుకుతుంది.

గాలి రేకును పైనుంచి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పైకి లేపుతుంది. గాలిలో గొడుగు పట్టుకున్నవాళ్లకు ఇది తెలుసు. గొడుగు చేతిలోంచి పైకి పోవాలని చూస్తుంది. ఒక్కోసారి తిరగబడుతుంది. కొట్టం కూడా ఒక గొడుగే. ముందు నోట్లోంచి గాలి లోపల దూరుతుంది. బయటికి దారి లేక పైకప్పును ఎత్తుతుంది. పైనుంచి పోయే గాలి కూడా కప్పును పైకి పీలుస్తుంది.

అందుకని రెండు పనులు చెయ్యాలి. ఒకటి, వెనక గోడను కప్పు దాకా కట్టకూడదు. పైన అర అడుగు సందు వదలాలి. గాలి ఆ సందులోంచి పోతుంది. వేడి కూడా పోతుంది. రెండు, కప్పును పైపులకు, పైపులను గుంజలకు, గుంజలను నేలకు బాగా బిగించాలి. ఈ మూడింటిలో ఏ ఒక్క చోట బిగువు లేకపోయినా మిగతా రెండూ దండగే. రేకుల మీద రాళ్లు, పాత టైర్లు పెట్టడం చాలా ఊళ్లలో చూస్తాం. పెద్ద గాలికి అవి ఆగవు. పైగా ఆ రాయి కింద ఉన్న బిడ్డ నెత్తిన పడుతుంది. రాయి బదులు బోల్టు వెయ్యాలి.

రాతి గుంజ పైన బెజ్జం కొట్టించి, అందులో ఇనుప చువ్వ దించి సిమెంటు పోయించాలి. ఆ చువ్వకు పైపును వెల్డింగు చేయించాలి. గుంజ కొనే చోటనే బెజ్జం కొట్టిస్తారు. ముందే చెప్పుకోవాలి.

పైపులు ఎన్ని? అడ్డంగా మూడు, ముందు, మధ్య, వెనక. ఒక్కోటి 8 అడుగులు. పక్కలకు వాలుగా రెండు. ఒక్కోటి 7 అడుగుల ఒక అంగుళం. మొత్తం కూడితే 38 అడుగుల 2 అంగుళాలు. అంగట్లో పైపు 20 అడుగుల పొడవు వస్తుంది. రెండు పైపులు 40 అడుగులు కదా, సరిపోతాయి అనిపిస్తుంది. సరిపోవు! మొదటి పైపులో రెండు 8 అడుగుల ముక్కలు తీస్తే 4 అడుగులు మిగులుతుంది. రెండో పైపులో ఒక 8, ఒక 7 తీస్తే 5 అడుగులకు కొంచెం తక్కువ మిగులుతుంది. ఇంకో 7 అడుగుల ముక్క ఎక్కడినుంచి వస్తుంది? మూడో పైపు కొనాల్సిందే. రవిక గుడ్డ కత్తిరించే ఆడవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. గుడ్డ మొత్తం సరిపోయినట్టే ఉంటుంది, చేతులకు మాత్రం రాదు. మిగిలిన ముక్కలు అతికించవచ్చు గానీ అతుకు దగ్గర బలం తక్కువ. మూడో పైపులో మిగిలింది తలుపు చట్రానికి పనికొస్తుంది.

రేకు కొనేటప్పుడు

కప్పు దేనితో వెయ్యాలి? బోదతో వేస్తే చల్లగా ఉంటుంది, ఖర్చు తక్కువ. కానీ కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ కప్పాలి. మోపెడ్‌లో పెట్రోలు ఉంటుంది. బోద కొట్టంలో పెట్రోలు బండి పెట్టడం, పక్కన పొయ్యి ఉండడం చాలా అపాయం. బోద కొట్టం సైకిళ్లకు మాత్రమే. సిమెంటు రేకులను కోసేటప్పుడు, పగిలినప్పుడు వచ్చే దుమ్ము మంచిది కాదు. అందులో ఆస్‌బెస్టాస్ అనే నార ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. కడప బండలు పైన పరిస్తే గట్టిగా ఉంటుంది గానీ బరువు చాలా ఎక్కువ. చిన్న కొట్టానికి అంత బరువు వద్దు. ఇనుప రేకులే మేలు.

రేకు పొడవు 8 అడుగులు తీసుకోవాలి. కొట్టం లోతు 7 అడుగులు, వాలు కలిపితే ఒక అంగుళం ఎక్కువ. మిగిలిన 11 అంగుళాల్లో ముందుకు 6, వెనక్కి 5 చూరు వస్తుంది. చూరు ఇంకా పొడుగు పెడితే నీడ ఎక్కువే గానీ గాలికి పట్టు దొరుకుతుంది. రేకు వెడల్పు 3 అడుగులు అనుకుంటే మూడు రేకులు చాలు. మూడు మూళ్లు తొమ్మిది. ఒక రేకు మీద ఇంకో రేకు 4 అంగుళాలు ఎక్కాలి. రెండు చోట్ల ఎక్కితే 8 అంగుళాలు పోతుంది. మిగిలింది 8 అడుగుల 4 అంగుళాలు. కొట్టం 8 అడుగులు. ఆ పక్క 2, ఈ పక్క 2 అంగుళాలు బయటికి వస్తాయి. కొన్ని రేకులు ఇంకా వెడల్పుగా వస్తాయి. వాటికి ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి.

రేకు మందం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఇక్కడే చదువు పనికొస్తుంది. ఒక రేకు మీద 0.35 అని ఉంటుంది. ఇంకో దాని మీద 0.5 అని ఉంటుంది. ఏది మందం? 35 పెద్దది కదా, అదే మందం అనుకుంటే మోసపోయినట్టే. చుక్క తర్వాత అంకెను డబ్బుల మాదిరి చదవాలి. 0.35 అంటే రూపాయిలో 35 పైసలు. 0.5 అంటే 50 పైసలు, అర్ధ రూపాయి. కాబట్టి 0.5 రేకే మందం. పలచ రేకు ధర తక్కువ. కానీ బోల్టు దగ్గర గాలికి చిరుగుతుంది. రెండు అంగళ్లలో ధర అడిగి, కాగితం మీద రాసుకుని, తర్వాత కొనాలి. చిట్టీలో మందం అంకె రాయించుకోవాలి.

బోల్టు వేసేటప్పుడు బేల్దారి ఈమెను అడిగాడు.

"బోల్టు యాడ కొట్టేది అక్కా, ఎత్తులోనా, పల్లంలోనా?"

"పల్లంలో అయితే సులభం కదన్నా?"

"సులభమే. కానీ నీళ్లు పారేది పల్లంలోనే. బెజ్జంలోంచి కారతాది."

అవును. రేకు అల ఎత్తుగా ఉన్నచోటే బెజ్జం వెయ్యాలి. బోల్టు కింద రబ్బరు బిళ్ల ఉండాలి. అంచుల్లో దగ్గర దగ్గరగా వెయ్యాలి. గాలి ముందు అంచునే పట్టుకుంటుంది. రేకు మోసేటప్పుడు చేతులకు గుడ్డ చుట్టుకోవాలి. గాలి వీచే పూట రేకు పని పెట్టుకోకూడదు.

కింద నేల, పక్క గోడ

లోపలి నేల బయటి నేల కంటే అర అడుగు ఎత్తు ఉండాలి. గరుసు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. పైన కడప నల్లబండ పరిస్తే ఇంక చూసుకోనక్కర్లేదు. 8 ఏళ్ల 56. అంటే 56 చదరపు అడుగులు. రెండడుగులకు రెండడుగుల బండ 4 చదరపు అడుగులు వస్తుంది. 56ను 4తో భాగిస్తే 14. పద్నాలుగు బండలు. రెండు బండలను సగానికి కోయాల్సి వస్తుంది. నోటి పక్కకు ఒక అంగుళం వాలు పెడితే లోపల పడిన నీళ్లు బయటికి పోతాయి. బండి ఎక్కడానికి ముందర చిన్న జారుడు కట్టుకోవాలి.

పడమటి పక్కకు వెదురు తడికె కడితే చాలు. మట్టి, పేడ కలిపి మెత్తితే ఎండ రాదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలను నిలబెట్టి గోడ చేస్తారు. అది బాగుంటుంది. కానీ అడుగున్నర లోతున పాతి, గుంజలకు ఆనించి బిగించాలి. వదులుగా నిలబెట్టిన బండ పిల్లల మీద పడుతుంది.

కొట్టం ఉంది కదా అని వంట చెరకు, పాత గోనెలు, కొబ్బరి పీచు అన్నీ అందులో వేస్తారు. పది రోజుల్లో తేళ్లు చేరతాయి. ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనక పాము వస్తుంది. పొద్దున్నే చీకట్లో సైకిలు తీసేది పాపే. కాబట్టి కొట్టంలో బండ్లు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. మోపెడ్ ఉన్న కొట్టంలో బీడీ వెలిగించకూడదు. డబ్బాలో పెట్రోలు దాచకూడదు. ఈ మధ్య కరెంటు బండ్లు వస్తున్నాయి. వాటికి ఛార్జింగ్ పెట్టాలంటే అతుకుల తీగ లాక్కోకూడదు. కరెంటు పని తెలిసిన మనిషితో ఎర్తు ఉన్న ప్లగ్గు పెట్టించాలి.

నందలూరులో ఆవిరి ఇంజన్ల కాలంలో రైలు ఇంజన్లకు పెద్ద షెడ్డు ఉండేది. అంత ఇనుప ఇంజనుకే నీడ కావాల్సి వచ్చింది. సైకిలు ఎంత!

దొంగ, వరద

కాంక్రీటు పోసే రోజే ఒక చిన్న పని చేసుకోవాలి. వేలంత లావు ఇనుప చువ్వను గాలం మాదిరి వంచి, రెండు కొసలూ గుంజ పక్క కాంక్రీటులో దించాలి. పైన కొక్కెం మాదిరి మిగులుతుంది. రాత్రి పూట గొలుసును ఆ కొక్కెంలోంచి, సైకిలు చట్రంలోంచి, చక్రంలోంచి తీసి తాళం వెయ్యాలి. చక్రానికి మాత్రమే తాళం వేస్తే సైకిలును భుజాన వేసుకుని పోతారు.

ప్రతి సైకిలుకు ఒక నంబరు ఉంటుంది. చట్రం మీద సీటు కింద గానీ, పెడళ్ల దగ్గర అడుగున గానీ చెక్కి ఉంటుంది. మట్టి తుడిచి ఆ నంబరు చూసి నోటు పుస్తకంలో రాసుకోవాలి. కొన్న తేదీ, అంగడి పేరు కూడా రాయాలి. సైకిలు పోతే పోలీసు స్టేషనులో మొదట అడిగేది నంబరే. "నల్ల సైకిలు సారూ" అంటే ఊరంతా నల్ల సైకిళ్లే.

వరద సంగతి వేరు. 2021 నవంబరు 19న చెయ్యేరుకు పెద్ద వరద వచ్చింది. అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్లు నీళ్లలో చిక్కాయి. చాలామంది చనిపోయారు. ఇళ్లు, గొడ్లు, బండ్లు కొట్టుకుపోయాయి. అటువంటి నీళ్లకు ఏ గుంజా ఆగదు. ఏటి పక్క ఊళ్లవాళ్లు కొట్టాన్ని ఇంటి చోటులో ఎత్తయిన పక్కన కట్టుకోవాలి. నీళ్లు వస్తున్నాయని దండోరా వేస్తే పిల్లలను, ముసలివాళ్లను తీసుకుని మెరకకు పోవాలి. సైకిలు కోసం వెనక్కి రాకూడదు. టైముంటే తాళం తీసి బండి మీదే పోవాలి, లేకపోతే వదిలెయ్యాలి.

ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. గాలులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి నిచ్చెన వేసుకుని బోల్టులు చూడాలి. వదులైనవి బిగించాలి. రబ్బరు బిళ్ల చీలితే మార్చాలి. రేకు మీద కాలు పెట్టకూడదు. పైకి ఎక్కక తప్పకపోతే పైపుల మీద పలక వేసి దాని మీద నిలబడాలి. వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు కనిపిస్తే గీకి రంగు పూయాలి. అదే రోజు సైకిలు గొలుసు తుడిచి రెండు చుక్కల నూనె వేసి, పెడలు వెనక్కి పదిసార్లు తిప్పాలి.